టైగర్‌బెల్స్‌ను తలచుకుంటూ: టెన్నెసీ స్టేట్ తన పాత క్రీడాకారులను ఎలా గౌరవించుకుంటోంది – తరచుగా అడిగే ప్రశ్నలు

విల్మా రుడాల్ఫ్ పేరు మనకు కొత్త కాదు. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలికి ఊతపట్టీ (బ్రేస్) కట్టుకుని నడిచిన అమ్మాయి 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిందని పిల్లలకు ధైర్యం చెప్పే ప్రతి చోటా వినిపిస్తూనే ఉంటుంది. అయితే ఆ కథలో ఆమె ఒక్కతే కనిపిస్తుంది. ఆమె చదివిన కాలేజీ కనిపించదు, పక్కన పరిగెత్తిన అమ్మాయిలు కనిపించరు, తెల్లవారకముందే లేపి మైదానానికి తీసుకెళ్ళిన కోచ్ కనిపించరు. ఆ కాలేజీ టెన్నెసీ స్టేట్, హెచ్‌బీసీయూలు అనే నల్లజాతి కాలేజీల్లో ఒకటి. అది తన పాత క్రీడాకారులను ఎలా గుర్తుపెట్టుకుందో, ఎక్కడ ఆలస్యం జరిగిందో తెలుసుకోవాలని అడిగేవాళ్ళ కోసం ఈ జవాబులు.

హెచ్‌బీసీయూ (హిస్టారికల్లీ బ్లాక్ కాలేజెస్ అండ్ యూనివర్సిటీస్) అంటే ఏమిటి? నల్లజాతి వాళ్ళు ఎక్కువగా చదివే ఏ కాలేజీనైనా అలా పిలవచ్చా?

పిలవకూడదు. అమెరికాలో 1965 నాటి ఉన్నత విద్యా చట్టం దీనికి ఒక నిర్వచనం ఇచ్చింది. 1964కు ముందే ఏర్పడి, నల్లజాతి అమెరికన్లకు చదువు చెప్పడమే ముఖ్య ఉద్దేశంగా పెట్టుకుని, గుర్తింపు పొందిన సంస్థలే ఈ కోవలోకి వస్తాయి. ఇప్పుడు ఇలాంటివి వంద దాకా ఉన్నాయి. తెల్లవాళ్ళ విశ్వవిద్యాలయాలు గేటు దగ్గరే ఆపేసిన రోజుల్లో డాక్టర్లు, టీచర్లు, లాయర్లు, ఇంజనీర్లు వీటి నుంచే వచ్చారు. ఒలింపిక్ పతకాలు తెచ్చిన ఆటగాళ్ళు కూడా. ఈ కాలేజీల్లో ఇప్పుడు ఎవరైనా చేరవచ్చు. కొన్నింటిలో భారతీయ విద్యార్థులు, అధ్యాపకులు కూడా ఉన్నారు.

ఇన్ని కాలేజీలు ఉండగా టెన్నెసీ స్టేట్ గురించే ఎందుకు?

ఒకే కోచ్ చేతి కింద ఒకే మైదానంలో ఇంతమంది ఒలింపియన్లు తయారైన చోటు చాలా అరుదు కాబట్టి. నాష్‌విల్ నగరంలో 1912లో మొదలైన ఈ విద్యాసంస్థను ఆ తరువాత చాలాకాలం 'టెన్నెసీ ఏ అండ్ ఐ' అనేవారు. వ్యవసాయం, పరిశ్రమలు నేర్పే కాలేజీ అన్నమాట. 1968లో టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీ అయింది. పాత విద్యార్థులు ఇప్పటికీ 'ఏ అండ్ ఐ' అనే అంటుంటారు. రోమ్‌లో విల్మా గెలిచినప్పుడు ఉన్న పేరు కూడా అదే.

టైగర్‌బెల్స్ అంటే ఎవరు?

ఈ కాలేజీ అమ్మాయిల అథ్లెటిక్స్ జట్టు. కాలేజీ జట్లన్నిటికీ గుర్తు పులి. దానికి 'బెల్' అనే మాట చేర్చారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో సొగసుగా, మర్యాదగా ఉండే ఆడపిల్లను 'బెల్' అనేవారు. ఆ మాట అంతకుముందు తెల్లవాళ్ళ ఇళ్ళ ఆడపిల్లలకే చెల్లేది. దాన్ని ఈ అమ్మాయిలు తమ జెర్సీ మీదికి తెచ్చుకున్నారు. నాకు ఆ పేరులో ఎప్పుడూ నచ్చేది ఇదే.

వాళ్ళలో కొందరి పేర్లు చెప్తాను. మే ఫాగ్స్ 1952 హెల్సింకిలో రిలే బంగారం గెలిచింది. తరువాత వచ్చిన చిన్నపిల్లలందరికీ ఆమే పెద్దక్క. 1956 మెల్‌బోర్న్‌లో కాంస్యం తెచ్చిన రిలే జట్టులో నలుగురూ ఈ కాలేజీ వాళ్ళే: మే ఫాగ్స్, మార్గరెట్ మాథ్యూస్, విల్మా రుడాల్ఫ్, ఇసబెల్ డేనియల్స్. అప్పటికి విల్మాకు 16 ఏళ్ళు, ఇంకా హైస్కూల్లోనే ఉంది. 1964 టోక్యోలో ఎడిత్ మెక్‌గ్వైర్ 200 మీటర్ల బంగారం, వయోమియా టయస్ 100 మీటర్ల బంగారం గెలిచారు. 1968 మెక్సికో సిటీలో మేడలిన్ మానింగ్ 800 మీటర్లలో గెలిచింది. 1984 లాస్ ఏంజెలిస్‌లో చాండ్రా చీజ్‌బరో రెండు రిలేల్లోనూ బంగారం, 400 మీటర్లలో వెండి తెచ్చుకుంది. ఆ తరువాత ఆమే తిరిగి వచ్చి ఇదే జట్టుకు కోచ్ అయింది.

వీళ్ళకు స్కాలర్‌షిప్‌లు, మంచి ట్రాక్, మంచి తిండి ఉండేవా?

తొలి తరాలకు క్రీడా స్కాలర్‌షిప్ లేదు. 'వర్క్ ఎయిడ్' అనే పద్ధతి ఉండేది. రోజుకు రెండు గంటలు క్యాంపస్‌లో ఏదో ఒక పని చేస్తే ఆ డబ్బు ఫీజు కింద పోయేది. అంటే ప్రపంచ రికార్డు కొట్టిన అమ్మాయి కూడా తరగతులు, ప్రాక్టీసు అయ్యాక ఆఫీసు గదుల్లో పని చేసి తన చదువు ఖర్చు తానే సంపాదించుకోవాలి.

ట్రాక్ మట్టిది. దాని మీద గీతలు కూడా కోచే గీసుకోవాల్సి వచ్చేది. పోటీలకు వెళ్ళాలంటే కార్లలో గంటల తరబడి ప్రయాణం. దారిలో నల్లవాళ్ళను లోపలికి రానిచ్చే హోటల్ దొరకదు, మరుగుదొడ్డి దొరకదు. భోజనం క్యాంపస్‌లోనే పొట్లాలు కట్టుకుని బయలుదేరేవాళ్ళు. అవసరమైతే రోడ్డు పక్క పొలాల్లో కారు ఆపుకునేవాళ్ళు. ఇది తెలియకపోతే ఇవాళ ఆ క్యాంపస్‌లో ఒక భవనం మీద ఆ అమ్మాయి పేరు చదివినా దాని బరువు అర్థం కాదు.

ఆ కోచ్ ఎవరు?

ఎడ్ టెంపుల్. 1927లో పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్‌లో పుట్టారు. 1950ల మొదట్లో అమ్మాయిల జట్టు బాధ్యత తీసుకుని 1994 దాకా వదలలేదు. పక్కనే సోషియాలజీ పాఠాలు చెప్పేవారు. ఆయన దగ్గర తయారైన ఒలింపియన్లు 40 మంది. వాళ్ళు తెచ్చిన ఒలింపిక్ పతకాలు 23, అందులో 13 బంగారం. 1960లోనూ 1964లోనూ అమెరికా మహిళల అథ్లెటిక్స్ జట్టుకు ప్రధాన కోచ్ ఆయనే.

ఆయన్ని అడిగితే పతకాల లెక్క ముందు చెప్పేవారు కాదట. ఆ 40 మందిలో 39 మంది డిగ్రీ పూర్తి చేశారన్నదే ఆయన గర్వంగా చెప్పుకున్న లెక్క. ఎండాకాలం సెలవుల్లో హైస్కూల్ అమ్మాయిలను క్యాంపస్‌కు రప్పించి రోజుకు మూడు పూటలా పరుగులు తీయించేవారు. బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్ళినప్పుడు క్లార్క్స్‌విల్ అనే ఊరి అమ్మాయి ఒకరు ఆయన కంటపడింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ అటూ ఇటూ దూకుతూ ఉండే ఆ అమ్మాయే విల్మా.

ఇప్పుడు వీళ్ళను ఏయే విధాలుగా గౌరవిస్తున్నారు?

మన దగ్గర సన్మానం అంటే శాలువా, పూలదండ, జ్ఞాపిక. అక్కడ ఎక్కువగా పేరు పెట్టడం. టెంపుల్ బతికుండగానే ట్రాక్‌కు ఆయన పేరు పెట్టారు. క్యాంపస్ పక్క నుంచి పోయే వీధి ఎడ్ టెంపుల్ బులవర్డ్ అయింది. 2015లో నాష్‌విల్ బేస్‌బాల్ మైదానం దగ్గర ఆయన కంచు విగ్రహం ఆవిష్కరించారు. ఆ వేడుకకు ఆయనే వచ్చారు. మరుసటి ఏడు, 2016 సెప్టెంబరులో కన్నుమూశారు. ఏడాదికి పైగా ఆలస్యమై ఉంటే ఆయన ఆ విగ్రహాన్ని చూసుకునేవారు కాదు.

విల్మా పేరు క్యాంపస్‌లో ఇండోర్ ట్రాక్‌కు ఉంది. ఆమె పోయిన మరుసటి ఏడు, 1995లో, ఒక విద్యార్థినుల హాస్టల్‌కు కూడా పెట్టారు. నా మటుకు నాకు హాస్టలే గొప్ప గౌరవం అనిపిస్తుంది. విగ్రహం దగ్గరికి ఎప్పుడో ఒకసారి వెళ్తాం. హాస్టల్ అయితే పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి, 'నేను రుడాల్ఫ్‌లో ఉంటున్నాను' అని చెబుతుంది. రోజూ నోట్లో నలుగుతూ ఉంటుంది ఆ పేరు.

వీటితో పాటు కాలేజీకి సొంత స్పోర్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. గొప్ప క్రీడాకారుల పేర్లు శాశ్వతంగా చేర్చే గౌరవ జాబితా అన్నమాట.

హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎలా ఎంపిక చేస్తారు?

ప్రతి కాలేజీకీ తన నియమాలు ఉంటాయి. సాధారణంగా జరిగే తీరు మాత్రం ఇది. ఎవరైనా, ఎక్కువగా పాత విద్యార్థులు, ఒక పేరు ప్రతిపాదిస్తారు. ఆట మానేసి కొన్నేళ్ళు గడిచి ఉండాలి. కోచ్‌లు, పాత క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళతో కూడిన కమిటీ రికార్డులు చూసి ఓటు వేస్తుంది. ఎంపికైనవాళ్ళను ఒక విందుకు పిలిచి ఫలకం ఇస్తారు. చనిపోయినవాళ్ళ తరఫున కుటుంబం అందుకుంటుంది.

ఇందులో చిక్కు రికార్డుల దగ్గరే వస్తుంది. నల్లజాతి కాలేజీల ఆటలను ఆ రోజుల్లో పెద్ద పత్రికలు పట్టించుకోలేదు. ఆ స్కోర్లు, సమయాలు నల్లజాతి వారపత్రికల్లో, కాలేజీ వార్షిక సంచికల్లో, ఇంట్లో దాచుకున్న ఫొటోల వెనక రాతల్లో ఉంటాయి. మీ పక్కింటి పెద్దావిడ ఒకప్పుడు ఆ జట్టులో పరిగెత్తి ఉంటే, ఆమె పెట్టెలోని కాగితమే ఆధారం కావచ్చు. అందుకే ప్రతిపాదన పంపేవాళ్ళు ముందుగా చేయవలసిన పని ఆ కాగితాలు సేకరించి, మనిషి ఉండగానే ఆమె నోటి మాట రికార్డు చేసుకోవడం.

హోమ్‌కమింగ్ అనే మాట వినిపిస్తూ ఉంటుంది. అదేమిటి?

ఏడాదికొకసారి పాత విద్యార్థులు కాలేజీకి తిరిగి వచ్చే వారం. శరదృతువులో అమెరికన్ ఫుట్‌బాల్ (చేత్తో బంతి విసిరే ఆట) మ్యాచ్ చుట్టూ జరుగుతుంది. నల్లజాతి కాలేజీల్లో దీనికి ఉండే ఊపు వేరు. ఊరేగింపు, బ్యాండు, పొయ్యి మీద మాంసం వాసన, మూడు తరాల వాళ్ళు ఒకే రంగు చొక్కాల్లో. మన ఊరి జాతరకు పట్నం నుంచి అందరూ దిగినట్టు ఉంటుంది. పాత క్రీడాకారుల సన్మానాలు చాలా చోట్ల ఈ వారంలోనే పెడతారు. మైదానం మధ్యకు పిలిచి పేరు చదివినప్పుడు, ఆ పేరు తెలిసిన జనమే చుట్టూ కూర్చుని ఉంటారు.

విల్మా సొంత ఊరు ఆమెను ఎలా గౌరవించింది?

ఈ కథ కాస్త వివరంగా చెప్పాలి. నాష్‌విల్‌కు వాయవ్యంగా ఉన్న క్లార్క్స్‌విల్ ఆమె ఊరు. ఇంట్లో 22 మంది పిల్లల్లో ఆమె 20వది. రోమ్ నుంచి తిరిగి వచ్చాక ఊరేగింపు, విందు ఏర్పాటు చేస్తామన్నారు. అప్పటి రివాజు ప్రకారం అలాంటివి తెల్లవాళ్ళకు వేరు, నల్లవాళ్ళకు వేరు. వేరువేరుగా అయితే నేను రానని విల్మా చెప్పేసింది. ఆమెకు అప్పుడు 20 ఏళ్ళు. 1960 అక్టోబరు 4న జరిగిన ఆ ఊరేగింపులోనూ విందులోనూ తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు కలిసే పాల్గొన్నారు. ఆ ఊళ్ళో అలా జరిగిన మొదటి వేడుక అదే.

అయితే ఒక్క వేడుకతో ఊరు మారిపోలేదు. 1963లో అదే ఊళ్ళో ఒక భోజనశాలలోకి ఆమెనూ మిగిలిన నల్లవాళ్ళనూ రానివ్వకపోతే ఆమె నిరసనలో నిలబడింది. అదే ఏడు డిగ్రీ పూర్తి చేసి, తాను చిన్నప్పుడు చదివిన బడిలో టీచరుగా చేరింది. మూడు ఒలింపిక్ బంగారాలు ఉన్న మనిషి! అప్పటి ఒలింపిక్ నియమాల ప్రకారం అథ్లెట్లకు డబ్బు తీసుకునే వీలు లేదు.

1994 నవంబరు 12న ఆమె చనిపోయింది. సంతాప సభ తన కాలేజీ ప్రాంగణంలోనే జరిగింది. ఇప్పుడు క్లార్క్స్‌విల్‌లో ఆమె పేరుతో పెద్ద రోడ్డు ఉంది, కంచు విగ్రహం ఉంది. జూన్ 23, ఆమె పుట్టినరోజు, టెన్నెసీ రాష్ట్రంలో ఆమె పేరిట దినం.

గౌరవం మరీ ఆలస్యమైన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. నన్ను ఎక్కువగా కదిలించేది ఈ కాలేజీ మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు కథ. 1957, 1958, 1959 – వరసగా మూడేళ్ళు ఎన్‌ఏఐఏ (కాలేజీ క్రీడల జాతీయ సంఘాల్లో ఒకటి) జాతీయ టోర్నమెంట్ గెలిచారు. తెల్లవాళ్ళ కాలేజీలు కూడా ఆడే జాతీయ టోర్నమెంటును ఒక నల్లజాతి కాలేజీ గెలవడం అదే మొదలు. వరసగా మూడుసార్లు జాతీయ విజేతగా నిలిచిన కాలేజీ జట్టు అంతకుముందు ఇంకొకటి లేదు. కోచ్ జాన్ మెక్‌లెండన్. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ సృష్టికర్త జేమ్స్ నైస్మిత్ దగ్గరే నేర్చుకున్నారు. నల్లవాడు కాబట్టి అక్కడి జట్టులో మాత్రం ఆడనివ్వలేదు. కాన్సాస్ సిటీలో టోర్నమెంటుకు పిలిచినప్పుడు మిగిలిన జట్లు దిగే హోటల్లోనే మా పిల్లలూ దిగాలని షరతు పెట్టి నెగ్గించుకున్నారు.

ఆ జట్టు ఏళ్ళ తరబడి మరుగున పడిపోయింది. అందులో ఆడిన డిక్ బార్నెట్ తరువాత న్యూయార్క్ నిక్స్ అనే ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు తరఫున పెద్ద పేరు తెచ్చుకున్నాడు. తన పేరు కోసం కాకుండా జట్టు పేరు కోసం ఏళ్ళకు ఏళ్ళు తిరిగాడు. చివరికి 2019లో నైస్మిత్ పేరిట ఉన్న బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆ జట్టును చేర్చుకుంది. ఆఖరి విజయం నుంచి లెక్కేస్తే సరిగ్గా 60 ఏళ్ళు. అప్పటికే చాలామంది లేరు. 2024 ఏప్రిల్‌లో మిగిలిన ముసలి ఆటగాళ్ళను శ్వేతసౌధానికి పిలిచారు. విజేతలుగా వాళ్ళకు ఆనాడే రావలసిన పిలుపు అది. అదే ఏడు బార్నెట్‌ను వ్యక్తిగతంగా కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2025లో ఆయన కన్నుమూశారు.

విల్మా నీడలో పడిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

వయోమియా టయస్. 1964లో, 1968లో వరసగా రెండు ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పందెం గెలిచింది. ఆడా మగా ఎవరిలోనూ అంతకుముందు ఎవరూ చేయని పని. అయినా ఆ ఘనత కార్ల్ లూయిస్‌దని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఎంతమందో! లూయిస్ 1984, 1988లో చేశాడు. అంటే ఇరవై ఏళ్ళ తరువాత. 1968లో మెక్సికోలో తోటి అమెరికా అథ్లెట్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ జాతి వివక్షకు వ్యతిరేకంగా పిడికిళ్ళు ఎత్తి నిరసన తెలిపినందుకు ఇంటికి పంపేస్తే, తన రిలే పతకాన్ని వాళ్ళకు అంకితం చేస్తున్నానని చెప్పింది కూడా టయసే. జార్జియాలో ఆమె ఊరు గ్రిఫిన్ దగ్గర ఆమె పేరుతో పెద్ద పార్కు ఉంది.

ఇంకొకరు ఆడ్రీ ప్యాటర్సన్. 1948 లండన్‌లో 200 మీటర్ల కాంస్యం ఇచ్చారు ఆమెకు. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి అమెరికా నల్లజాతి మహిళ ఆమే. టెంపుల్ కోచ్ కాకముందే ఈ కాలేజీ నుంచి వెళ్ళింది. అదే ఒలింపిక్స్‌లో, ఆ వెంటనే, టస్కీగీ అనే మరో నల్లజాతి కాలేజీలో తయారైన ఆలిస్ కోచ్‌మన్ హైజంప్‌లో బంగారం గెలిచింది. కోచ్‌మన్ సొంత ఊరు ఆల్బనీలో సన్మాన సభ పెట్టి, హాల్లో నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ విడివిడిగా కూర్చోబెట్టారు. మేయరు ఆమెతో చెయ్యి కలపలేదు. ఇంగ్లండు రాజు చేతుల మీదుగా పతకం అందుకుని వచ్చిన అమ్మాయికి!

మిగిలిన నల్లజాతి కాలేజీల సంగతి?

క్లుప్తంగా చెప్తాను. లూయిజియానాలోని గ్రాంబ్లింగ్‌లో ఫుట్‌బాల్ కోచ్ ఎడ్డీ రాబిన్‌సన్ పేర స్టేడియం ఉంది, 2010లో మ్యూజియం కూడా తెరిచారు. ఆయన జట్లు 408 మ్యాచ్‌లు గెలిచాయి. ఆయన శిష్యులు జేమ్స్ హారిస్, డగ్ విలియమ్స్ కలిసి 2009లో నల్లజాతి కాలేజీల ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం ప్రత్యేకంగా హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టారు. మిసిసిపీ వ్యాలీ స్టేట్ స్టేడియానికి జెరీ రైస్, విల్లీ టాటెన్ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. బంతి అందుకున్నవాడినీ విసిరినవాడినీ కలిపి తలచుకోవడం నాకు చాలా నచ్చింది.

ఇంత చరిత్ర ఉన్న కాలేజీకి డబ్బు ఇబ్బంది ఎందుకు?

రాష్ట్రం ఇవ్వవలసింది ఇవ్వలేదు కాబట్టి. ఈ మాట నేను అంటున్నది కాదు. 2021లో టెన్నెసీ శాసనసభ కమిటీయే లెక్కలు తీసి, దశాబ్దాలుగా ఈ కాలేజీకి చేరవలసిన సొమ్ములో 15 కోట్ల డాలర్ల నుంచి 54 కోట్ల డాలర్ల దాకా ఎగ్గొట్టారని తేల్చింది. 2022లో రాష్ట్రం 25 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. 2023లో కేంద్ర విద్యా, వ్యవసాయ శాఖల మంత్రులు గవర్నరుకు రాసిన లేఖలో, 1987 నుంచి 2020 వరకు జరిగిన లోటు 210 కోట్ల డాలర్లని చెప్పారు. పాత ఫొటోలు కాపాడాలన్నా, ట్రాక్ బాగుచేయాలన్నా, పెద్దవాళ్ళ నోటి చరిత్ర రికార్డు చేయాలన్నా ఆ డబ్బే కావాలి.

నాష్‌విల్ వెళ్తే ఏం చూడొచ్చు?

ఎడ్ టెంపుల్ బులవర్డ్ మీదుగా క్యాంపస్‌కు వెళ్ళండి. ట్రాక్ చూడండి. బేస్‌బాల్ మైదానం దగ్గర టెంపుల్ విగ్రహం చూసి, వీలుంటే గంట లోపు ప్రయాణంలో ఉన్న క్లార్క్స్‌విల్‌కు వెళ్ళి విల్మా విగ్రహం చూడండి. పిల్లలు వెంట ఉంటే తప్పకుండా వెళ్ళండి.

పిల్లలకు విల్మా కథ చెప్పేటప్పుడు దేన్ని చేరిస్తే బాగుంటుంది?

రిలే చేర్చండి. రోమ్‌లో ఆమె మూడో బంగారం ఒంటరిగా గెలిచింది కాదు. నలుగురూ టైగర్‌బెల్సే, నలుగురూ ఒకే మట్టి ట్రాక్ మీద పరిగెత్తినవాళ్ళే. సెమీఫైనల్లో 44.4 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టారు. ఫైనల్లో ఆఖరి మార్పిడి దగ్గర బ్యాటన్ దాదాపు జారిపోయింది. విల్మా కాస్త తడబడి, మళ్ళీ పుంజుకుని జర్మనీ అమ్మాయిని దాటేసింది. ఆమె చేతికి ఆ బ్యాటన్ చేరడానికి ముందు అది మూడు చేతులు మారింది. మొదట మార్తా హడ్సన్, తరువాత లుసిండా విలియమ్స్, ఆ తరువాత బార్బరా జోన్స్.